నలభై ఐదు సెకన్లు

సజాల, సిమెంటు మిల్లు ఎనక,
మా క్యాంపు పదకొండో నంబరు రూము.
ఎనిమిది మంచాలు. లుంగీలు కట్టిన తెరలు.
తెర ఎనక ఒక్కొక్కనికి ఒక్కొక్క ఎలుగు, అరచెయ్యంత.

కంపెనీ పంపే ఆరోగ్యం ముచ్చట అందరి ఫోన్లకూ వస్తది.
అరబ్బీల వచ్చింది, ఇంగ్లీషుల వచ్చింది,
ఆఖరుకు తెలుగుల గూడ వచ్చింది:
"నిర్జలీకరణ లక్షణములను సకాలమున గుర్తించవలెను."
నడ్పి గంగారాం రెండుసార్లు ఇని
"ఎవడో పోయినట్టున్నడురా, మంత్రం చదువుతున్నరు" అన్నడు.

గందుకే క్లినిక్కుల సిస్టర్ జాన్సీ నన్ను పిలిచింది.
ఆమెది కొట్టాయం. ఆమె హిందీ నాకు సగం, నా హిందీ ఆమెకు సగం.
"నీ గొంతు మంచిగుంది, మీ మాటల నువ్వే చెప్పు.
నలభై ఐదు సెకన్లు. ఒక్కటి ఎక్కువైనా తెగుతది."
చప్పుడు పడుతదని ఏసీ బందు చేసింది.
చెమట గదుమ మీదికెల్లి కారంగ
ఎండదెబ్బ గురించి చెప్పిన.

ఒంటికి పోయినప్పుడు కిందికి చూడుండ్రి, సిగ్గేం లేదు.
నిమ్మకాయ నీళ్ళ లెక్కుంటే పానం మంచిగున్నట్టు.
పెసరుపప్పు కట్టు లెక్కుంటే ఇంకో సీసా తాగుండ్రి.
సులేమానీ చాయ్ లెక్కయితే
పని ఆడనే ఇడిశిపెట్టి సిస్టరు కాడికి రాండ్రి.

ఆఖర్ల ఒక మాట నేనే కలిపిన, కాయితంల లేనిది:
నీడ అడుగుండ్రి. అడుగుడు తప్పు గాదు.

ఆఫీసోళ్ళు పంపినంక సూస్తే
ముప్పై ఎనిమిది సెకన్లే ఉన్నది.

అయినా క్యాంపంత పాకింది.
పొద్దుగాల నాలుగున్నరకు పాయఖాన లైన్ల
"ఏంరా, నిమ్మకాయనా? చాయా?"
ఫోర్మన్ ఇక్బాలుకు మా నవ్వులు అర్థం గాక
ఆ దినం అందరినీ రెండుసార్లు లెక్కవెట్టుకున్నడు.
మెట్‌పల్లిల బీడీలు చుట్టే మా సడ్డకుని బిడ్డ దాకా పోయిందట.
"నీడలనే కూసుంటం గని పెదనాయినా,
సీసా అయితే పక్కకు వెట్టుకున్నం."

రెండోది షుగరు. మూడోది ఛాతినొప్పి.
నాలుగోది నిద్రవట్టనోళ్ళకు:
మనసుల బరువుంటే ఈ నంబరుకు చేయుండ్రి.
ఆ నంబరుకు ఎవ్వరు చేసిన్రో ఎరుక లేదు.
నాకు చేసిన్రు.
నా నంబరు ఎట్ల దొరికిందో అడగలే.
రాత్రి పన్నెండుకు ఒకడు చేసిండు. పేరు చెప్పలే, ఊరు చెప్పలే.
కూలరు గరగర తప్ప ఏమి ఇనవడలే.
నేను గూడ పెట్టెయ్యలే.
గట్లనే నిద్రవోయిన. తెల్లారి సూస్తే
గంటా పదకొండు నిమిషాలు.

ఆగస్టుల నన్ను హమ్రియా సైటుకు మార్చిన్రు.
సముద్రం పక్కనే, గని గాలి గూడ ఉడికిచ్చిన బట్ట లెక్క.
పదిన్నరకు సలాకల కట్ట ఎత్తంగ
నేల కొద్దిగ పక్కకు జరిగింది.
"అన్నా, జర నీళ్ళియ్యి" అన్న, ముంగట ఎవరున్నరో చూడకుంట.
డ్రమ్ము కాడ వంగినోడు ముంత పట్టుకొని నిలవడ్డడు.
"గీ గొంతు... నిమ్మకాయ గొంతు గదా!"
మీద మీద చూసి నవ్విండు. మొఖం చూసి నవ్వాపిండు.
"నీదేం రంగున్నది?"

రెండు దినాల సంది నేను చూసుకోలే.

పేరు రాజలింగు, కొడిమ్యాల దిక్కట.
నన్ను సంకల చెయ్యేసి పట్టుకొని
సూపర్‌వైజరు మీదికి వచ్చీరాని హిందీల లేచిండు.
మూడు ముక్కలు. చావ్ చావ్ అన్నడు, ఛావ్ అనవోయి.
అయినా ఆళ్ళు కత్తిరించిన ఏడు సెకన్లు అవే,
ఎవ్వరు పంపకుంటనే ఆయన నోట్ల ఉన్నయి.

నీళ్ళ ట్యాంకరు నీడ ఒకటిన్నర మనిషికి సరిపోయేంత.
నన్ను లోపలికి జరిపి
ఆయన సగం ఎండల కూసున్నడు.